పడుకోమన్నారు, నడిచాను

మా ల్యాబ్‌కు కొత్త బీపీ మిషన్ వచ్చిన రోజున దాన్ని ముందు ఎవరి చేతికి కట్టి చూడాలా అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే నేనే చెయ్యి చాపాను. దాదాపు ముప్పై ఏళ్లుగా ఇతరుల చేతులకు రబ్బరు పట్టీ కట్టి రక్తం తీస్తున్నదాన్ని. నా చేతికి ఎవరైనా ఏదైనా కట్టి చాలా కాలమైంది. మిషన్ చేతిని గట్టిగా పిండి వదిలింది. నూట డెబ్బై ఎనిమిది, కింద నూట ఆరు.

మిషన్ పాడైందన్నారు. పక్కనున్న అమ్మాయి చేతికి కట్టారు. ఆమెకు నూట పద్దెనిమిది వచ్చింది. మళ్లీ నాకు కట్టారు. నూట డెబ్బై ఆరు. మిషన్ బాగానే ఉంది.

నాకప్పుడు యాభై రెండేళ్లు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. పొద్దున లేచి వంట చేసి, మల్కాజ్‌గిరిలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, స్టేషన్ వెనకున్న గల్లీలో మా ల్యాబ్‌కు నడిచి వెళ్లేదాన్ని. రోజంతా నిలబడే ఉండేదాన్ని. నిలబడటం, నడవటం ఒకటేననుకున్నాను. స్టేషన్ నుంచి ల్యాబ్‌కు ఉన్న ఆ నాలుగు అడుగులనే నడక అనుకున్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్లి మా ఆయనకు చెప్పాను. ఆయన చెప్పులు వేసుకుని కిందికి వెళ్లారు. కింది వాటాలో మా వదిన, అంటే ఆయన అక్క, ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. ప్రభుత్వ బడిలో టీచరుగా చేసి రిటైరైంది. ఆ ఇంట్లో ఏ నిర్ణయమైనా ముందు ఆమె నోటి నుంచి రావలసిందే. ఐదు నిమిషాల్లో ఇద్దరూ పైకి వచ్చారు.

"బీపీ అంటే మాటలనుకుంటున్నవా?" అంది వదిన కుర్చీలో కూర్చోకుండానే. "మెట్లు ఎక్కుడు దిగుడు బంద్ చెయ్యి. నౌకరికి సుత లీవ్ పెట్టు. ప్రార్థన చేసుకొని పండుకో. వంట నేను చేసి పైకి పంపిస్త."

"ఎన్ని రోజులు పండుకోవాలె వదినా?"

"తగ్గేదాంక."

మా ఆయన తలూపారు. "అక్క చెప్పేది కరెక్టే. కదిలితే రక్తం ఇంక జోరుగ ఉరుకుతది."

వదినకు నా మీద ప్రేమ లేదని అనను. నా రెండు కాన్పులకూ ఆమే చేసింది. కానీ 'పండుకో' అన్న మాట వినగానే నా ఒంట్లో ఏదో భగ్గుమంది. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

మా అమ్మకు కూడా బీపీ ఉండేది. మారేడ్‌పల్లిలో మా పుట్టింట్లో ఒకరోజు పొద్దున ఆమె ఎడమ చెయ్యి కాస్త మొద్దుబారింది, మాట తడబడింది. ఆసుపత్రిలో వారం ఉంచి, పక్షవాతం తక్కువలో పోయిందన్నారు. చెయ్యి పట్టుకుంటే నడవగలిగేది. నడిచే ఇంటికి వచ్చింది. కానీ ఇంటికి వచ్చాక మా మేనమామ, పిన్నులు, చర్చి పెద్దలు అందరూ ఒకే మాట అన్నారు: కదల్చొద్దు. నలభై రోజులు మంచం దిగనివ్వొద్దు. అన్నం నోటికి అందించారు. బాత్రూమ్‌కు కూడా పంపలేదు. అమ్మ "జెర కూసుంట" అంటే కూడా భుజాలు పట్టి వెనక్కి పడుకోబెట్టేవారు. 

నేను అప్పుడు ల్యాబ్‌లో చేరి మూడేళ్లు. మూడో వారంలో అమ్మ కుడి పిక్క వాచింది. చెయ్యి పెడితే వేడిగా ఉంది. నాకు భయమేసింది. ట్యూబుల్లో రక్తం గడ్డకట్టడం రోజూ చూసేదాన్ని. కదలకుండా నిలబెట్టిన రక్తం ఏమవుతుందో నాకు తెలుసు. ఒంట్లో రక్తం, ట్యూబులో రక్తం ఒకటి కావు, అదీ తెలుసు. అయినా "మామా, డాక్టరుకు చూపిద్దాం" అన్నాను.

"మంచంల పండుకుంటే కాళ్లు వాయవా? నూనె రాయి, తగ్గుతది" అన్నాడు మామయ్య.

నూనె రాశాను. నా చేతులతోనే రాశాను. రెండో రోజు పొద్దున అమ్మ కాఫీకని లేచి కూర్చుని, ఊపిరి అందక గుండె పట్టుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి అయిపోయింది. కాలిలో కట్టిన గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. ఎవరి తప్పూ కాదని అందరూ నన్ను ఓదార్చారు. తప్పు ఉందని నాకు తెలుసు. అందులో నా వాటా కూడా తెలుసు. నాకు తెలిసిన విషయాన్ని పెద్దవాళ్ల ముందు ఒక్కసారి మెల్లగా చెప్పి ఊరుకున్నాను. గట్టిగా చెప్పలేదు.

అందుకే ఆ సాయంత్రం వదిన ముందు నిలబడి, "నేను పండుకోను" అన్నాను.

"ఏందీ?" అంది ఆమె.

"పండుకోను వదినా. డాక్టరు దగ్గరికి పోతా. మందులేసుకుంటా. మంచమైతే ఎక్కను."

ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమెకు ఎదురు చెప్పింది అదే మొదటిసారి. మా ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూశారు.

మర్నాడు నేను చేసింది మాత్రం తెలివైన పని కాదు. డాక్టరు అపాయింట్‌మెంట్ ఇంకో రెండు రోజులకు దొరికింది. అంతదాకా ఆగలేకపోయాను. మల్కాజ్‌గిరి స్టేషన్‌లో రైలుకు ఇంకా టైముంది. పాదచారుల వంతెన మెట్లు కనిపించాయి. ఎక్కాను. దిగాను. కోపమంతా కాళ్లలోకి వచ్చింది. మళ్లీ పరుగున ఎక్కాను. ఎవరికి చూపించాలని ఉరికానో ఇప్పటికీ చెప్పలేను. ఐదోసారి పైమెట్టు మీదికి వచ్చేసరికి చెవుల్లో హోరు, కళ్ల ముందు నల్లటి చుక్కలు. రెయిలింగ్ పట్టుకుని అక్కడే కూలబడ్డాను.

వంతెన మీద జామకాయలమ్మే ఆమె బుట్ట వదిలేసి వచ్చింది. సీసాలో నీళ్లు నా మొహం మీద చల్లి, తాగడానికి ఇచ్చింది.

"ఏందమ్మా, గట్ల ఉరికినవ్? ఏ బండి పోయింది?"

"ఏ బండీ పోలె."

"మరెందుకు ఉరికినవ్?"

ఆమె నా పక్కనే కూర్చుని, నా ఊపిరి కుదుటపడేదాకా చీర కొంగుతో విసిరింది. ఆ తర్వాత నన్ను ఆటో ఎక్కించింది. ఆటోను నేరుగా డాక్టరు దగ్గరికి పోనిమ్మన్నాను. ఆ రోజుకు అపాయింట్‌మెంట్ లేకపోయినా డాక్టరమ్మ చూస్తుందని తెలుసు, ఎందుకంటే ఆమె పేషెంట్ల రిపోర్టులు మా ల్యాబ్ నుంచే వెళ్తాయి.

డాక్టరు నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. బీపీ చూసింది. రెండు వందలు దాటి ఉంది. ఈసీజీ తీయించింది. కాగితం పొడవునా చూసి, పక్కన పెట్టి, నా వైపు తిరిగింది.

"ఏం చేసిండ్రు పొద్దున?"

చెప్పాను. వదిన మాట, అమ్మ సంగతి, వంతెన, అన్నీ చెప్పాను. మధ్యలో ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

"అమ్మా, మీ ఇంట్లోళ్లు చెప్పింది తప్పు" అంది డాక్టరు. "మీరు చేసింది ఇంక పెద్ద తప్పు. మీరు రోజూ రక్తం చూసేటోళ్లు కాబట్టి మీ భాషలనే చెప్త. ప్లేట్‌లెట్ల పని ఏంది?"

"గాయమైతే ఒకదానికొకటి అంటుకొని రక్తం ఆపాలె."

"గాయం లేనప్పుడు?"

"ఊకె తిరగాలె."

"అట్ల ఊకె తిరగనిచ్చేది రక్తనాళం లోపలి పొర. అది బాగున్నన్ని రోజులు ప్లేట్‌లెట్లను దగ్గరికి రానియ్యది. ఏండ్ల తరబడి బీపీ ఎక్కువుంటే ఆ పొర దెబ్బతింటది. అప్పుడు ప్లేట్‌లెట్లు చిన్న దానికే అంటుకునేటందుకు రెడీగ ఉంటయ్. బీపీ ఉన్నోళ్లకు పక్షవాతం, గుండెపోటు ఎక్కువ రావడానికి ఇది సుత ఒక కారణం."

"మరి నడిస్తే మంచిదా, చెడ్డదా?"

"ఎట్ల నడుస్తరు అన్నదే అసలు సంగతి. అలవాటు లేని ఒళ్లుతోని పొద్దున మీరు ఉరికినట్టు ఉరికితే, ఆ కొద్దిసేపు రక్తం గడ్డకట్టే దిక్కు మొగ్గుతది. గడ్డను కరిగించే శక్తి సుత అప్పుడు లేస్తది. కానీ ఉరుకుడు ఆపినంక అది తొందరగ తగ్గిపోతది. గడ్డకట్టే గుణం ఇంకొంతసేపు ఉంటది. ప్రమాదం ఆ సందుల ఉంటది."

నేను చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాను. వంతెన మీద కూలబడిన ఆ పది నిమిషాలు గుర్తొచ్చాయి.

"అదే రోజూ, మెల్లగ మొదలుపెట్టి, ఒక మోస్తరు వేగంతోని, వారాల తరబడి నడిస్తే కథ వేరే" అంది ఆమె. "ప్లేట్‌లెట్లు నెమ్మదిస్తయ్. గడ్డ కరిగించే శక్తి పెరుగుతది. రక్తనాళం పొర సుత కొంత బాగుపడ్తది. బీపీ దిగుతది. ఎప్పుడన్న బస్సు కోసం ఉరకవలసొచ్చినా రక్తం అంతగ బెదరది."

"అందరికీ గిట్లనే అయితదా మేడమ్?"

"అని నేను చెప్ప. మనిషి మనిషికి తేడా ఉంటది. ఇంక తేలవలసినయ్ చాన ఉన్నయ్. కానీ బీపీ వచ్చిందని మంచమెక్కుమని మాత్రం చెప్ప."

మందులు రాసింది. ముందు రెండు వారాలు మందులే. బీపీ కాస్త దిగాక నడక షురూ చెయ్యాలి. మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా, చివరి ఐదు నిమిషాలు ఇంకా నెమ్మదిగా. టక్కున ఆగిపోకూడదు. నడుస్తున్నప్పుడు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగమంది.

"నేను చర్చిల కోయిర్ల పాడుత మేడమ్. నడుచుకుంట సుత పాడగలుగుత."

"అయితే మీరు ఇంకొంచెం జోరుగ నడవాలె" అని నవ్వింది.

రెండు వారాలయ్యాక అసలు యుద్ధం మొదలైంది. పొద్దున ఐదున్నరకు బూట్లు వేసుకుని కిందికి దిగితే గేటుకు తాళం. తాళంచెవి వదిన దగ్గర. తలుపు తట్టాను. ఆమె లేచే ఉంది.

"తాళం తియ్యండి వదినా."

"తియ్య. రోడ్డు మీద పడిపోతే నా తమ్మునికి ఎవరు జవాబు చెప్తరు?"

"నేనే చెప్త."

"పడిపోయినంక నువ్వెట్ల చెప్తవ్?" అని తలుపేసుకుంది.

అక్కడే నిలబడి ఏడవొచ్చు. వెనక్కి వెళ్లి పడుకోవచ్చు. నేను మెట్లెక్కి డాబా మీదికి వెళ్లాను. మా డాబా పెద్దదేం కాదు. ఒక మూల నీళ్ల ట్యాంకు, ఒక మూల బట్టల తీగలు. వాటి చుట్టూ నడిచాను. ముప్పై నిమిషాలు నడిచాను. మా ఇల్లు పాతది. డాబా మీద అడుగు వేస్తే కింది వాటాదాకా దడదడమని వినబడుతుందని నాకు తెలుసు. తెలిసీ, కొంచెం గట్టిగానే వేశాను.

రెండో రోజూ తాళమే. రెండో రోజూ నడిచాను. మూడో రోజు మా ఆయన మంచం మీద నుంచే, "జెర మెల్లగ నడువు, అక్క నిద్ర పాడైతుందట" అన్నారు.

"తాళం తియ్యమనండి, పాడు కాదు" అన్నాను.

నాలుగో రోజు నేను బూట్లు వేసుకుంటుండగానే వదిన గేటు దగ్గర నిలబడి ఉంది. తాళం తీసి రెక్క బార్లా తెరిచింది.

"పో. నీ అడుగులకు నాకే బీపీ వచ్చేటట్టున్నది. ఊరంత తిరుగు."

"థాంక్స్ వదినా."

"థాంక్స్ ఎందుకు? నేను ఒప్పుకోలె" అంది. నిజంగానే ఆమె ఒప్పుకోలేదు. ఈ రోజుకీ ఒప్పుకోలేదు. కానీ ఆ తర్వాత గేటుకు తాళం వెయ్యలేదు.

రైల్వే క్వార్టర్ల పక్కనున్న గ్రౌండ్‌లో నడక మొదలుపెట్టాను. చీర మీద బూట్లు వేసుకుని వెళ్లేదాన్ని. మొదటి వారం నన్ను చూసి నవ్వని మగవాడు లేడు. అక్కడ రోజూ నడిచే ఏడెనిమిది మంది పెద్దమనుషులకు సిమెంటు బెంచీ ఒకటి ఉంది. అరగంట నడిచి గంట కూర్చునేవారు. వాళ్లలో ఒకాయన, "మేడమ్, ఆడోళ్లకు ఇంటి పనే పెద్ద ఎక్సర్‌సైజు" అన్నాడు. "అయితే మీరు ఇంటికి పోయి గిన్నెలు తోమండి సార్, నేను ఇక్కడ నడుస్తా" అన్నాను. బెంచీ అంతా నవ్వింది. ఈసారి నన్ను చూసి కాదు.

కాళ్లు నొప్పులు పుట్టాయి. మడమల దగ్గర బొబ్బలొచ్చాయి. వానాకాలంలో గ్రౌండ్ బురదైతే గల్లీల్లోనే తిరిగేదాన్ని, కుక్కలు వెంటపడితే రాయి పట్టుకుని. జ్వరమొచ్చిన వారం తప్ప ఆపలేదు. కొన్ని పొద్దుటిపూటలు అసలు ఇష్టం లేకుండా వెళ్లాను. వెళ్లకపోతే వదిన ముందు ఓడిపోయినట్టవుతుందనే వెళ్లాను. ఆరోగ్యం కంటే పంతమే నన్ను ఎక్కువ దూరం నడిపించిందని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

రెండు నెలలయ్యాక నాకు ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. నా రక్తం మారిందో లేదో నేనే చూసుకోవాలి. మేము చదువుకునే రోజుల్లో రక్తం గడ్డకట్టే సమయం చూడటానికి ఒక పాత పద్ధతి నేర్పారు. వేలికొస పొడిచి, వెంట్రుకలాంటి సన్నటి గాజు గొట్టంలోకి రక్తం ఎక్కించి, అర నిమిషానికొకసారి దాన్ని కొంచెం కొంచెం విరుస్తూ పోవాలి. రెండు ముక్కల మధ్య సన్నటి దారం సాగితే గడ్డకట్టినట్టు. ఒక ఆదివారం నడకకు ముందు ఒకసారి, నడిచి వచ్చాక ఒకసారి వేలు పొడుచుకుని చూశాను. రెండుసార్లూ దాదాపు ఒకే సమయానికి దారం సాగింది. వారం తర్వాత మళ్లీ చేశాను. మళ్లీ అంతే. నిరాశగా డాక్టరుకు చెప్పాను.

ఆమె నా వేళ్లకున్న సూది గాట్లు చూసి తల పట్టుకుంది. "అమ్మా, ఈ గాజు గొట్టం పరీక్ష పెద్ద జబ్బులనే సరిగ పట్టుకోదు. ప్లేట్‌లెట్లు ఎంత తొందరగ అంటుకుంటున్నయో చూసే మిషన్లు వేరే ఉంటయ్. పెద్ద పెద్ద పరిశోధన చేసేటోళ్ల దగ్గర ఉంటయ్. మీ రక్తంల ఏం మారిందో మీ కండ్లకు కనపడది."

"మరి మారిందని నమ్ముడెట్ల?"

"మీ బీపీ చూద్దాం, రాండి" అని పట్టీ కట్టింది. నూట నలభై రెండు, కింద ఎనభై ఎనిమిది.

చేతిలో రుజువు లేకుండా ఒక పని చెయ్యడం నాకు కొత్త. నా ఉద్యోగమంతా అంకె వచ్చాకే మాట్లాడటం. అయినా నడిచాను. నాకు కనబడనంత మాత్రాన నా రక్తంలో ఏమీ జరగడం లేదని అనుకోదలచుకోలేదు.

ఆ గ్రౌండ్‌కు ఒకాయన వచ్చేవాడు. అరవై దగ్గర వయసు, ఎర్ర టోపీ. వారమంతా కనిపించడు. ఆదివారం వచ్చి, క్రికెట్ ఆడే కుర్రాళ్లతో పందెం వేసి మరీ ఉరికేవాడు. రెండు రౌండ్లు ఒక్క బిగిన ఉరికి, టక్కున ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు. బెంచీ మీదివాళ్లు చప్పట్లు కొట్టేవారు. ఒకరోజు ఆయనే గర్వంగా చెప్పాడు, బీపీ ఉందట, డాక్టరు మందులిచ్చాడట, పక్కన పడేశాడట. "చెమటే నా గోలీ" అన్నాడు.

నేను ఆగిపోయాను. "సార్, బీపీకి మందులేసుకోకుండ, ఆరు రోజులు కూసొని ఏడో రోజు గిట్ల ఉరుకుడు మంచిది కాదు. రోజూ మెల్లగ నడవండి. ఆగేటప్పుడు సుత మెల్లగ ఆగండి."

"నువ్వు డాక్టరువా?"

"కాదు సార్. ల్యాబ్ టెక్నీషియన్‌ని."

"రక్తం తీసేటోళ్లు రక్తం తియ్యాలె. సలహాలు ఇయ్యొద్దు."

బెంచీ మళ్లీ నవ్వింది. అయినా ఊరుకోలేదు. తర్వాతి ఆదివారమూ చెప్పాను. ఆ తర్వాతి ఆదివారమూ చెప్పాను. నన్ను చూస్తేనే ఆయన మొహం తిప్పుకునే స్థితికి తెచ్చాను.

నాలుగో ఆదివారం ఆయన రెండో రౌండు పూర్తిచేసి ఆగాడు. ఎప్పటిలా నడుం మీద చేతులు పెట్టుకోలేదు. ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని బెంచీ వైపు నడిచి కూర్చున్నాడు. నేను గ్రౌండ్ అవతలి మూలన ఉన్నాను. నేను వచ్చేసరికి ఎవరో సోడా తెచ్చారు, ఎవరో వీపు నిమురుతున్నారు. ఆయన మొహం బూడిద రంగులో ఉంది. చొక్కా తడిసి ముద్దయింది. అది ఉరికిన చెమట కాదు.

"గ్యాస్" అన్నాడు ఆయన. "జెరసేపట్ల తగ్గుతది."

"ఎడమ చెయ్యి గుంజుతున్నదా సార్? దవడ?"

ఆయన దవడ పట్టుకున్నాడు.

"ఆసుపత్రికి పోవాలె. ఇప్పుడే" అన్నాను.

"ఆగమ్మా" అన్నాడు బెంచీ మీది పెద్దాయన. "పరేషాన్ చెయ్యకు. ఇంటికి తీస్కపోయి పండుకోబెడ్దాం. రెస్ట్ తీసుకుంటే సర్దుకుంటది."

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. "పండుకోబెడితే సచ్చిపోతడు!" అని అరిచాను. క్రికెట్ ఆడుతున్న కుర్రాళ్లు కూడా ఆగి చూశారు. "లెవ్వండి సార్లూ, ఆటో పిలవండి. ఈయనను నడవనియ్యొద్దు. మోసుకొని పొండి."

ఇద్దరు కుర్రాళ్లు ఆయన్ని చేతుల మీద కుర్చీలా ఎత్తుకున్నారు. ఆటోలో ఆయన పక్కన నేను కూర్చున్నాను. దారంతా నా చెయ్యి వదల్లేదు. "మా ఆవిడకు చెప్పొద్దు, భయపడ్తది" అని రెండుసార్లన్నాడు. చెప్పాలి సార్ అని, ఆయన ఫోనుతోనే చేసి చెప్పాను.

గుండెకు పోయే రక్తనాళంలో గడ్డ. వెంటనే లోపలికి తీసుకెళ్లి ఆ నాళాన్ని తెరిచారు. బతికాడు. ఆ ఆదివారం నేను ఆరాధనకు వెళ్లలేదు. చెమటకు తడిసిన చీర, మట్టి బూట్లతో ఆసుపత్రి వరండాలో ఆయన భార్య పక్కన కూర్చున్నాను.

తర్వాత డాక్టరుతో ఈ సంగతి మాట్లాడాను. ఆ పరుగే కారణమా అని అడిగాను. ఆయన రక్తనాళం గోడలో పాత పూడిక ముందే ఉండి ఉంటుందని, బీపీ మందులు మానెయ్యడం, అలవాటు లేని పరుగు కలిసి ఉండొచ్చని, ఒక్క కారణం మీద వేలు పెట్టి చెప్పలేమని అంది. నేనూ చెప్పను. నేను గెలిచానని ఎప్పుడూ అనుకోలేదు. అరిచినందుకు మాత్రం తృప్తిగా ఉంది.

రెండు నెలల తర్వాత ఆయన గ్రౌండ్‌కు వచ్చాడు. పక్కన భార్య. టోపీ లేదు. నన్ను చూసి ఆగి చేతులు జోడించబోయాడు. నేను ఆపాను.

"ఆగకండి సార్. నడుచుకుంటనే మాట్లాడండి."

"ఎన్ని రౌండ్లు కొట్టమంటవమ్మా?"

"మీ డాక్టరును అడగండి. నేను రక్తం తీసేదాన్ని."

ఆయన సిగ్గుపడ్డాడు. ఆయన భార్య గట్టిగా నవ్వింది. ఇప్పుడు ఇద్దరూ రోజూ వస్తారు. ఆమే కొంచెం ముందు నడుస్తుంది.

ఆరు నెలలకు నాకు రెండు మాత్రల్లో ఒకటి తీసేశారు. మొండితనం కొద్దీ రెండోది కూడా తీసెయ్యమని డాక్టరుతో పోట్లాడాను. నడుస్తున్నాను కదా, ఇంకా ఎందుకని. ఆమె ఒక్క అంగుళం కూడా కదల్లేదు. "మీ వదినతోని గెలిచిండ్రు, నాతోని గెలవరు" అంది. గెలవలేదు. మాత్ర రోజూ వేసుకుంటున్నాను. మా ఆయన నాతోపాటు పాల బూతుదాకా నడిచి, అక్కడి నుంచి వెనక్కి తిరిగిపోతారు. అంతకు మించి లాగను. వదిన గేటు తెరిచి, నేను తిరిగొచ్చేదాకా వరండాలో పేపరు చదువుతూ కూర్చుంటుంది. ఎందుకు కూర్చున్నారంటే గాలికని అంటుంది.

మొన్న మా ల్యాబ్ ఓనరు నన్ను పిలిచి, వయసు, బీపీ రెండూ ఉన్నాయి కాబట్టి ఈమధ్యే నేను అందుకున్న, ఇళ్లకు వెళ్లి శాంపిల్స్ తెచ్చే పని మానేసి రిసెప్షన్‌లో కూర్చోమన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కూర్చోనని చెప్పాను. పని చేతకాని రోజు నేనే వచ్చి చెప్తానని, అంతదాకా నా బ్యాగు నాకే ఉండనివ్వమని అన్నాను. ఆయన ఆ రోజు లిస్టు నా చేతిలో పెట్టాడు.

మొదటి ఇల్లు నాలుగో అంతస్తులో. లిఫ్టు పని చెయ్యడం లేదు. తొందరపడకుండా, మధ్యలో ఆగకుండా ఎక్కాను. తలుపు తీసిన పెద్దావిడ నా బ్యాగు చూసి, నా తెల్ల జుట్టు చూసి కంగారుపడింది.

"అయ్యో, ఇన్ని మెట్లు ఎక్కొచ్చినవా బిడ్డా? ఆయాసం రాలేదా? జెర కూసో, నీళ్లు తెస్త."

"నీళ్లు తర్వాత తాగుత. ముందు మీరు కూసోండమ్మా" అన్నాను. "చెయ్యి చాపండి."